చిన్న కేసుకు సరిపడే సీక్వెన్సర్‌ను ఎంచుకోవడం ఎలా

మాడ్యులర్ సింథసైజర్ భాగాలను (మాడ్యూళ్లను) బిగించే యూరోరాక్ కేసులో చోటు ఎప్పుడూ చాలదు. 84 హెచ్‌పీ (మాడ్యూల్ వెడల్పు కొలత) వరుసలో ఒక ఆసిలేటర్, ఫిల్టర్, రెండు ఎన్వలప్‌లు, వీసీఏలు (వోల్టేజ్‌తో ధ్వని స్థాయిని మార్చేవి), మిక్సర్ బిగించేసరికి, స్వరాలనూ దెబ్బలనూ స్టెప్ తర్వాత స్టెప్‌గా పంపే సీక్వెన్సర్‌కు పదో పన్నెండో హెచ్‌పీ మిగులుతుంది. అంత చోట్లో పట్టే సీక్వెన్సర్లకు కొదవ లేదు. 2 హెచ్‌పీ వెడల్పులోనే పదహారు స్టెప్పులు ఇచ్చేవి కూడా ఉన్నాయి. కానీ ప్యానెల్ వెడల్పు ఒక్కటే చూసి కొన్నవాళ్లకు తర్వాత రెండు ఇబ్బందులు ఎదురవుతాయి. క్లాక్ (వేగాన్ని చెప్పే పల్స్‌లు ఇచ్చేది), క్వాంటైజర్ (వోల్టేజ్‌ను దగ్గరి స్వరానికి సర్దేది), బఫర్డ్ మల్టిపుల్ (ఒక సిగ్నల్‌ను బలహీనపడకుండా పలుచోట్లకు పంచేది) అంటూ తోడు మాడ్యూళ్లు ఒక్కొక్కటే వచ్చి చేరి, మిగిల్చిన చోటంతా తినేస్తాయి. వాయించేటప్పుడు వెంటనే చేయాల్సిన పనేమో నాలుగు బటన్ నొక్కుళ్ల వెనక దాక్కుంటుంది. అందుకని చూడాల్సిన లెక్కలు రెండు: తోడు మాడ్యూళ్లతో కలిపి మొత్తం ఎన్ని హెచ్‌పీ, మీకు ముఖ్యమైన పనికి ఎన్ని నొక్కుళ్లు. కింది అడుగులన్నీ ఈ రెండు లెక్కలు తేల్చడానికే.

1. ముందు కేసును కొలవండి

యూరోరాక్‌లో 1 హెచ్‌పీ అంటే 5.08 మిల్లీమీటర్లు. ప్యానెల్ ఎత్తు 128.5 మిల్లీమీటర్లు. 84 హెచ్‌పీ వరుస పొడవు దాదాపు 427 మిల్లీమీటర్లు. ప్యానెల్‌ను లెక్క కంటే వెంట్రుకవాసి తక్కువగా కోస్తారు (8 హెచ్‌పీ ప్యానెల్ 40.64కు బదులు 40.3 మిల్లీమీటర్లు ఉంటుంది), కాబట్టి పక్కపక్కన బిగించినా ఇరుక్కోవు.

వెడల్పు తర్వాత లోతు చూడాలి. చిన్న మాడ్యూళ్లతో చాలామంది పొరబడేది ఇక్కడే. ప్యానెల్ సన్నబడినప్పుడు సర్క్యూట్ బోర్డులను ఒకదాని వెనక ఒకటి పేర్చాల్సి వస్తుంది కాబట్టి ఇరుకు మాడ్యూల్ వెడల్పు మాడ్యూల్ కంటే లోతుగా ఉండవచ్చు. తయారీదారు ఇచ్చిన లోతు కొలతలో రిబ్బన్ కేబుల్ ప్లగ్ కలిసి ఉందో లేదో చూడండి. లేకపోతే ఇంకో సెంటీమీటరు కలుపుకోండి. పల్చటి కేసుల్లో బస్ బోర్డు (మాడ్యూళ్లకు కరెంటు పంచే బోర్డు) ఉన్నచోట లోతు ఇంకా తగ్గుతుంది. టేపు పెట్టి సరిగ్గా ఆ చోటే కొలవండి.

మూడోది కరెంటు. +12, −12, +5 వోల్టులకు మూడు నిలువు వరుసలు గీసి, ఉన్న మాడ్యూళ్లన్నీ ఎన్ని మిల్లీయాంపియర్లు తీసుకుంటున్నాయో రాసి కూడండి. సీక్వెన్సర్లలో ఎక్కువ భాగం డిజిటల్ కాబట్టి బరువంతా +12 వైపే పడుతుంది. సప్లై ఆ వైపు 1000 మిల్లీయాంపియర్లు ఇస్తుంటే 750 దగ్గర ఆగండి. స్విచ్ వేసిన క్షణంలో డిజిటల్ మాడ్యూళ్లు మామూలు కంటే ఎక్కువ లాగుతాయి. సప్లై అంచుల్లో ఉంటే కొన్ని మాడ్యూళ్లు సగంలో లేచి ఆగిపోతాయి. మాడ్యూల్ చెడిపోయిందేమో అనిపించేలా ఉంటుంది గానీ తప్పు సప్లైది. కొన్ని పాత డిజైన్లకు +5 వోల్టులు వేరుగా కావాలి. మీ కేసులో ఆ లైను లేకపోతే ఆ మాడ్యూల్‌ను జాబితా నుంచి కొట్టేయండి, లేదా అడాప్టర్ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

2. సీక్వెన్సర్ నడపాల్సింది దేన్నో రాసుకోండి

రాగం నడపాలా, డ్రమ్ములు కొట్టాలా, ఫిల్టర్ కటాఫ్ లాంటివాటిని కదిలించాలా? మూడూ చేస్తానని చెప్పే చిన్న మాడ్యూల్ దొరుకుతుంది, కానీ ఆ మూడింటిలో ఏదో ఒక్కటే దాని ప్యానెల్ మీద సులువుగా జరుగుతుంది. మిగతా రెండూ మెనూల్లో ఉంటాయి.

ఒక కాగితం మీద, పాట నడుస్తుండగా మీ చెయ్యి తప్పకుండా చేయాల్సిన మూడు పనులు రాయండి. ఉదాహరణకు: ఒక స్వరాన్ని మార్చడం, సీక్వెన్స్ పొడవు 16 నుంచి 7కు కుదించడం, ఒక స్టెప్‌ను మూగబెట్టడం. ఇవి మనిషిని బట్టి మారతాయి. ముందే రాసిన ప్యాటర్న్‌లను వరుసగా పిలిచి వాయించేవాళ్లకు స్టెప్ మార్చడం అంత ముఖ్యం కాదు, ప్యాటర్న్ మార్పు సరిగ్గా తాళం మొదట్లో పడటం ముఖ్యం. వాయిస్తూ వాయిస్తూ కట్టుకునేవాళ్లకు మెమరీ లేకపోయినా ఫరవాలేదు, ప్రతి స్టెప్ వేలికి అందాలి.

ఈ జాబితా లేకుండా కొనడానికి దిగకండి. తర్వాతి అడుగులో ఏ రకం వద్దో చెప్పేది ఇదే.

3. రకాన్ని తేల్చుకోండి

స్టెప్‌కో నాబ్ ఉన్నవి. నేర్చుకోవాల్సింది ఏమీ లేని రకం. నాబ్ ఎక్కడుంటే స్వరం అక్కడుంటుంది. కరెంటు పోయినా నాబ్ స్థానం పోదు కాబట్టి మెమరీ సమస్యే రాదు. కానీ చోటు తినేస్తుంది: ఎనిమిదేసి స్టెప్పులు రెండు వరుసల్లో ఉండే డోప్ఫర్ ఏ-155 వెడల్పు 50 హెచ్‌పీ. చిన్న కేసులో నాలుగు నుంచి ఎనిమిది స్టెప్పుల చిన్న నాబ్‌ల మాడ్యూళ్లే కుదురుతాయి. వాటిలో చూడాల్సింది వోల్టేజ్ పరిధి. మామూలు నాబ్ దాదాపు 300 డిగ్రీలు తిరుగుతుంది. ఆక్టేవ్‌కు, అంటే 12 సెమీటోన్లకు, 1 వోల్టు లెక్కన పరిధి 5 వోల్టులైతే ఆ 300 డిగ్రీల్లో 60 సెమీటోన్లు ఇరుక్కుంటాయి, అంటే ఒక్కోదానికి 5 డిగ్రీలే. వేలితో శ్రుతి చేయడం దాదాపు అసాధ్యం. పరిధిని 1 వోల్టుకు తగ్గించే స్విచ్ ఉంటే ఒక్కో సెమీటోన్‌కు 25 డిగ్రీలు దొరుకుతాయి. ఆ స్విచ్ గానీ, లోపలే క్వాంటైజర్ గానీ లేకపోతే రాగానికి ఈ రకం తీసుకోవద్దు. ఫిల్టర్‌ను కదిలించడానికి మాత్రం ఇంతకంటే హాయిగా ఉండేది లేదు.

బటన్లు, ఎన్‌కోడర్‌తో (ఆగకుండా తిరిగే నాబ్‌తో) స్టెప్ స్టెప్‌గా రాసేవి. ఎరికా సింత్స్ పీకో సీక్ 3 హెచ్‌పీలో 16 స్టెప్పులు ఇస్తుంది. నాయిస్ ఇంజనీరింగ్ మిమెటిక్ డిజిటాలిస్ 10 హెచ్‌పీలో 16 స్టెప్పులను నాలుగు వరుసలు, నాలుగు నిలువుల గడిగా పెట్టి, నాలుగు సీవీ (కంట్రోల్ వోల్టేజ్) ఛానళ్లు ఇస్తుంది. గడిలో అడ్డంగా, నిలువుగా వేర్వేరు ట్రిగర్లతో (చిన్న పల్స్‌లతో) నడవొచ్చు కాబట్టి అవే పదహారు విలువల నుంచి కొత్త వరుసలు పుడతాయి. చోటు తక్కువగా ఉన్నవాళ్లకు ఈ రకం మంచి ఎంపికే, కాకపోతే ఒక సమయంలో ఒక స్టెప్ విలువే చేతిలో ఉంటుంది. మొత్తం రాగాన్ని ఒక్క చూపులో చదవలేరు. ముందే రాసుకుని వాయించేవాళ్లకు ఇది లోటు కాదు.

షిఫ్ట్ రిజిస్టర్ మీద నడిచేవి. టామ్ విట్‌వెల్ 2012లో మ్యూజిక్ థింగ్ మాడ్యులర్ పేరుతో విడుదల చేసిన ట్యూరింగ్ మెషీన్ ఈ కుటుంబానికి పెద్ద. 10 హెచ్‌పీ. లోపల 16 బిట్ల రిజిస్టర్ ఉంటుంది. ప్రతి క్లాక్‌కు బిట్లు ఒక గడి జరుగుతాయి, చివరి బిట్ తిరిగి మొదటికి వస్తూ తిరగబడొచ్చు, తిరగబడకపోవచ్చు. తిరగబడే అవకాశం ఎంతో చెప్పేది మధ్యలోని పెద్ద నాబ్. నిటారుగా పెడితే పూర్తిగా యాదృచ్ఛికం, కుడి చివరకు తిప్పితే లూప్ మారకుండా అలాగే తిరుగుతుంది, ఎడమ చివరకు తిప్పితే రెట్టింపు పొడవుతో స్థిరపడుతుంది. కుడి చివర నుంచి కొద్దిగా వెనక్కి తిప్పితే రాగం అప్పుడప్పుడు ఒక్కో స్వరం మార్చుకుంటూ సాగుతుంది. ఈ మాడ్యూల్‌ను ఇష్టపడేవాళ్లు ఎక్కువసేపు ఉండేది ఆ చోటే. నచ్చిన స్వరం కోరుకుని రాయలేరు, పవర్ తీస్తే లూప్ పోతుంది, వచ్చే వోల్టేజ్ క్వాంటైజ్ అయి ఉండదు. ఈ మూడూ ఒప్పుకుంటేనే తీసుకోండి. పల్సెస్, వోల్ట్స్ అనే విస్తరణ మాడ్యూళ్లు వెనక నుంచి కేబుల్‌తో కలుస్తాయి. అవి కావాలనుకుంటే వాటి వెడల్పునూ ఇప్పుడే లెక్కలో వేయండి.

ట్రిగర్లు మాత్రమే ఇచ్చేవి. డ్రమ్ములకు ఇవి. మ్యూటబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ గ్రిడ్స్‌లో స్టెప్పులు రాయరు. తాళాల పటం మీద రెండు నాబ్‌లతో తిరుగుతూ మూడు ఛానళ్ల సాంద్రతను మూడు నాబ్‌లతో పెంచి తగ్గిస్తారు. అసలు మాడ్యూల్ 16 హెచ్‌పీ. ఆ సంస్థ తయారీ ఆపేసినా డిజైన్ ఓపెన్ సోర్స్ కావడంతో దాన్నే ఇంకా చిన్న ప్యానెల్‌లో ఇతరులు చేస్తున్నారు. ఇక యూక్లిడియన్ తాళాలు: ఎనిమిది స్టెప్పుల్లో మూడు దెబ్బలను వీలైనంత సమానంగా పంచితే 1, 4, 7 స్థానాల్లో పడతాయి, ప్రపంచంలో ఎన్నో సంగీతాల్లో వినిపించే నడక అది. గాడ్‌ఫ్రీడ్ టూసాంట్ 2005లో ఈ సంబంధాన్ని చూపించాడు. అంతకుముందు ఇదే లెక్కను బ్యోర్క్‌లుండ్ న్యూట్రాన్ యంత్రాల టైమింగ్ కోసం రాశాడు. సంగీతకారుడికి దీని ఉపయోగం ఏమిటంటే మూడు అంకెలతో (పొడవు, దెబ్బలు, జరుపు) ఒక తాళం తయారవుతుంది, కాబట్టి అతి చిన్న ప్యానెల్‌లో కూడా చేతికి అందుతుంది. చోటు తక్కువైన కేసులో డ్రమ్ములకు మొదట చూడాల్సింది ఈ రకమే.

ఒకే ఒంట్లో పలు పనులు చేసేవి. ఓర్నమెంట్ అండ్ క్రైమ్ అసలు 14 హెచ్‌పీ, దాని చిన్న రూపం 8 హెచ్‌పీ. సీక్వెన్సర్, నాలుగు ఛానళ్ల క్వాంటైజర్, ఇంకా ఎన్నో యాప్‌లు ఇందులో ఉంటాయి. ఏఎల్ఎం వారి పమేలాస్ న్యూ వర్కౌట్, తర్వాత వచ్చిన ప్రో వర్కౌట్ 8 హెచ్‌పీలో ఎనిమిది అవుట్‌పుట్లు ఇస్తాయి. మాస్టర్ క్లాక్, యూక్లిడియన్ ట్రిగర్లు, కదిలే వోల్టేజ్‌లు అన్నీ అందులోంచే తీసుకోవచ్చు. మొత్తం హెచ్‌పీ లెక్కలో వీటిని కొట్టేవి లేవు. నొక్కుళ్ల లెక్కలో మాత్రం ఇవే వెనకబడతాయి.

4. తోడు మాడ్యూళ్లతో కలిపి కూడండి

మీరు ఎంచుకున్న ప్రతి సీక్వెన్సర్‌కు ఈ ప్రశ్నలు వేసి, జవాబు "లేదు" అయిన చోట ఆ పని చేసే మాడ్యూల్ వెడల్పు కలపండి: దానికదే క్లాక్ ఇచ్చుకోగలదా? పిచ్ క్వాంటైజ్ అయి వస్తుందా? గేట్ (స్వరం ఎంతసేపు మోగాలో చెప్పే సిగ్నల్) పొడవు మార్చవచ్చా? పిచ్ పరిధి తగ్గించే వీలుందా?

ట్యూరింగ్ మెషీన్‌నే తీసుకోండి. అది 10. బయటి క్లాక్ కావాలి, పమేలాస్ 8 కలపండి. క్వాంటైజర్ కావాలి, చిన్న ఓర్నమెంట్ అండ్ క్రైమ్ 8 కలపండి. కాగితం మీద 10గా కనిపించింది 26 అయింది. ఇదే పని ఇంకోలా చేయొచ్చు. ఓర్నమెంట్ అండ్ క్రైమ్‌లోని క్వాంటర్‌మెయిన్ యాప్ ప్రతి ఛానల్‌కు లోపలే షిఫ్ట్ రిజిస్టర్ నడపగలదు, బయటి ట్యూరింగ్ మెషీన్ అక్కర్లేదు. అప్పుడు మొత్తం 16 హెచ్‌పీతో సరిపోతుంది, పైగా నాలుగు ఛానళ్లు. పోయేది ఆ పెద్ద నాబ్. దాన్ని తిప్పుతూ రాగాన్ని ఒక్కో స్వరం చొప్పున వదులు చేయడం, మళ్లీ బిగించడం మీ మూడు పనుల జాబితాలో ఉంటే 26 ఖర్చు పెట్టండి. లేకపోతే 16తో ఆగి మిగిలిన 10లో ఇంకో వీసీఏ పెట్టుకోండి.

ముందే రాసిన ఒక బేస్ లైన్ చాలనుకునేవాళ్లకు పమేలాస్, పీకో సీక్ కలిపి 11 హెచ్‌పీలో పని అయిపోతుంది. మాడ్యులర్‌గ్రిడ్ లాంటి ప్లానింగ్ సాధనంలో ఈ కూర్పులను పక్కపక్కన పెట్టి, అసలు పరిమాణంలో కాగితం మీద ప్రింట్ తీసి, కేసు మీద పరిచి వేళ్లతో తాకి చూడండి. పక్క జాక్‌లలో కేబుళ్లు గుచ్చి ఉండగా నాబ్ తిప్పడానికి వేలు దూరుతుందా అన్నది ఫోటోలో తెలియదు, ఆ కాగితం మీద తెలుస్తుంది.

5. క్లాక్, రీసెట్ ఎలా అర్థం చేసుకుంటుందో చదవండి

చాలా సీక్వెన్సర్లు ఒక క్లాక్ పల్స్‌కు ఒక స్టెప్ జరుగుతాయి. పదహారో వంతు స్వరాలు కావాలంటే క్వార్టర్ నోట్‌కు 4 పల్స్‌లు ఇవ్వాలి. 120 బీపీఎంలో (నిమిషానికి 120 బీట్లు) అంటే 125 మిల్లీసెకన్లకు ఒకటి. మిడీ క్లాక్ క్వార్టర్‌కు 24 పల్స్‌లు. దాన్ని విభజించకుండా నేరుగా ఇస్తే సీక్వెన్స్ ఆరు రెట్లు వేగంగా పరుగెడుతుంది. కోర్గ్ వోల్కా తరహా సింక్ క్వార్టర్‌కు 2, కాబట్టి సగం వేగంతో నడుస్తుంది. ఇన్‌పుట్ దగ్గర విభజన, గుణకం పెట్టుకునే వీలుంటే తోడు మాడ్యూల్ ఒకటి తగ్గినట్టే.

రీసెట్ (సీక్వెన్స్‌ను మళ్లీ మొదటి స్టెప్‌కు తెచ్చే పల్స్) విషయంలో తయారీదారులందరిదీ ఒకే పద్ధతి కాదు. ఒక రకం రీసెట్ అందిన క్షణమే మొదటి స్టెప్‌కు వెళ్లిపోతుంది. ఆ వెంటనే క్లాక్ వస్తే రెండో స్టెప్‌కు జరుగుతుంది, మొదటి స్వరం వినిపించదు. దీనికి మందు, రీసెట్ క్లాక్ కంటే ఒకటి రెండు మిల్లీసెకన్లు ఆలస్యంగా అందేలా చేయడం. రెండో రకం రీసెట్ అందగానే సిద్ధంగా నిలబడి, తర్వాతి క్లాక్‌కు మొదటి స్టెప్ వాయిస్తుంది. దీనికి రీసెట్ క్లాక్ కంటే ముందే అందాలి. ఆలస్యమైతే ఆ మాడ్యూల్ మిగతావాటి కంటే ఒక స్టెప్ వెనక నడుస్తుంది. ఒకే కేసులో రెండు రకాలూ ఉంటే ఒకే రీసెట్ కేబుల్‌ను ఇద్దరికీ పంచి ఇద్దరినీ సంతోషపెట్టలేరు. ఒకదానికి చిన్న ట్రిగర్ డిలే పెట్టాల్సిందే. అందుకే రెండో సీక్వెన్సర్ కొనేటప్పుడు మొదటిదాని రీసెట్ పద్ధతి ఏదో చూసి, అదే పద్ధతిదాన్ని వెతకండి.

రీసెట్ ఇన్‌పుట్ అసలే లేని సన్నని మాడ్యూళ్లు కూడా ఉన్నాయి. ఒంటరిగా నడిపితే ఏమీ కాదు. రెండో సీక్వెన్సర్ పక్కన పెడితే, ఆపి మళ్లీ మొదలుపెట్టిన ప్రతిసారీ రెండూ వేర్వేరు చోట్ల ఉంటాయి.

పొడవుల లెక్క కూడా ఇక్కడే చూసుకోండి. 16 స్టెప్పుల పక్కన 7 స్టెప్పులు నడిస్తే 112 స్టెప్పులకు, అంటే ఏడు బార్లకు మళ్లీ కలుస్తాయి. 5 పెడితే ఐదు బార్లకు. చిన్న సీక్వెన్సర్‌తో పొడవైన సంగీతం రాబట్టే సులువైన దారి ఇది, కాబట్టి స్టెప్పులు ఎక్కువ ఉన్నదాని కంటే పొడవును నడుస్తుండగానే మార్చనిచ్చేదానికి ఓటు వేయండి.

6. పిచ్ ఎంత ఖచ్చితంగా వస్తుందో చూడండి

ఆక్టేవ్‌కు 1 వోల్టు పద్ధతిలో సెమీటోన్ అంటే 83.3 మిల్లీవోల్టులు, అందులో వందో వంతు ఒక సెంట్. 12 బిట్ల డీఏసీ (అంకెలను వోల్టేజ్‌గా మార్చే చిప్) 10 వోల్టుల పరిధిని 4096 మెట్లుగా కోస్తే ఒక్కో మెట్టు 2.44 మిల్లీవోల్టులు, దాదాపు 3 సెంట్లు. ఒక్క ఆసిలేటర్‌కైతే ఎవరికీ తెలియదు. రెండు అవుట్‌పుట్లతో రెండు ఆసిలేటర్లను ఒకే శ్రుతిలో పట్టాలంటే మాత్రం 440 హెర్ట్జ్ దగ్గర 3 సెంట్ల తేడా సెకనుకు ముప్పావు వంతు కంపనంగా వినిపిస్తుంది. 16 బిట్లకు అదే పరిధిలో మెట్టు 0.15 మిల్లీవోల్టే. ఓర్నమెంట్ అండ్ క్రైమ్‌లో ఉన్నది 16 బిట్లదే. అయితే దాన్ని క్యాలిబ్రేట్ చేయకపోతే ఆ బిట్ల వల్ల లాభం లేదు. చేతితో కట్టిన వాటిని కొంటే క్యాలిబ్రేషన్ జరిగిందా అని అడగండి.

మల్టిపుల్ దగ్గర శ్రుతి తప్పడం ఇంకా మామూలు. సీక్వెన్సర్ అవుట్‌పుట్‌లో 1 కిలోఓమ్ రెసిస్టర్ ఉండి, ఆసిలేటర్ ఇన్‌పుట్ 100 కిలోఓమ్ అయితే వోల్టేజ్‌లో దాదాపు ఒక శాతం పోతుంది. ఆక్టేవ్‌కు 12 సెంట్ల తరుగు అన్నమాట. బఫర్ లేని పాసివ్ మల్టిపుల్‌తో రెండో ఆసిలేటర్‌ను తగిలిస్తే భారం 50 కిలోఓమ్‌లకు దిగి తరుగు 23 సెంట్లు దాటుతుంది. మూడు ఆక్టేవ్‌లు పైకి వెళ్లేసరికి 70 సెంట్లు, అంటే సెమీటోన్‌లో మూడు వంతులు. కింద శ్రుతిగా ఉండి పైకి పోయేకొద్దీ పాడవుతుంటే సీక్వెన్సర్‌ను అనుమానించే ముందు మల్టిపుల్ తీసేసి వినండి. మంచి డిజైన్లలో ఆ రెసిస్టర్ తరుగును లోపలే సరిచేస్తారు. మీది అలా కాకపోతే బఫర్డ్ మల్టిపుల్ కోసం చోటు ఉంచండి.

7. గేట్ పొడవు

కొన్ని చిన్న సీక్వెన్సర్లు లోపలికి వచ్చిన క్లాక్ ఎంత వెడల్పుందో గేట్‌ను అంతే వెడల్పుగా పంపుతాయి. క్లాక్ 5 మిల్లీసెకన్ల ట్రిగర్ అయి, మీ ఏడీఎస్ఆర్ ఎన్వలప్ అటాక్ (పైకి ఎక్కే సమయం) 20 మిల్లీసెకన్లు ఉంటే ఎన్వలప్ పైకి ఎక్కకముందే గేట్ మూసుకుపోతుంది. వినిపించేది చిన్న టిక్కు మాత్రమే. క్లాక్‌ను సగం పైన, సగం కింద ఉండే చదరపు తరంగంగా మార్చి ఇస్తే సరిపోతుంది. రెండో చివర, గేట్ పొడవు నూరు శాతం పెడితే వరుస స్టెప్పుల గేట్లు కలిసిపోయి ఎన్వలప్ మళ్లీ మొదలవదు. స్లయిడ్‌తో బేస్ లైన్లు వాయించేవాళ్లకు అదే కావాలి, అదీ స్టెప్ స్టెప్‌కూ ఎంచుకోగలిగితేనే.

ఇంకో లక్షణం: గేట్ వచ్చేటప్పటికి పిచ్ ఇంకా మారి ఉండకపోవడం. సీక్వెన్సర్ పిచ్‌ను బయటి డిజిటల్ క్వాంటైజర్ గుండా పంపితే అది కొన్ని మిల్లీసెకన్లు తీసుకుంటుంది, గేట్ మాత్రం నేరుగా చేరిపోతుంది. ప్రతి స్వరం మొదట్లో పాత స్వరం ఛాయ వినిపిస్తుంది. గేట్‌ను కూడా క్వాంటైజర్ ట్రిగర్ అవుట్‌పుట్ నుంచి తీసుకోండి, లేదా అంతే డిలే పెట్టండి.

8. మాన్యువల్ చదివి నొక్కుళ్లు లెక్కపెట్టండి

కొనకముందే మాన్యువల్ దించుకోండి. రెండో అడుగులో రాసిన మూడు పనులకు ఒక్కోదానికి ఎన్ని కదలికలో రాయండి. ఒక బటన్ పట్టుకుని నాబ్ తిప్పడం ఒక కదలికే. మెనూలోకి వెళ్లి, పేజీ మార్చి, విలువ మార్చి, బయటికి రావడం నాలుగు. రెండు దాటితే వాయిస్తూ చేయలేరు. ముందే అమర్చుకునే పనులకైతే నాలుగైనా నష్టం లేదు.

నిల్వ ఎలా చేస్తుందో కూడా అక్కడే ఉంటుంది. కొన్ని దానంతటవే దాచుకుంటాయి, కొన్ని మీరు చెబితేనే, కొన్ని దాచేటప్పుడు ఒక క్షణం క్లాక్ తప్పుతాయి. వేదిక మీద వాయించేవాళ్లు ఈ మూడో రకాన్ని దూరం పెట్టాలి.

9. బిగించండి, పరీక్షించండి

పవర్ తీసి, ప్లగ్ గోడ నుంచి కూడా లాగి, అప్పుడే రిబ్బన్ కేబుల్ తాకండి. ఎర్ర చార −12 వోల్టుల వైపు ఉండాలి. బోర్డు మీద ఆ మాట గానీ, ఒక గీత గానీ అచ్చై ఉంటుంది. చుట్టూ అంచు లేని పిన్నుల హెడర్ ఉంటే రెండోసారి చూడండి, కేబుల్ తిరగబడటమే కాదు, ఒక వరుస పక్కకు జరిగి కూర్చునే ప్రమాదం కూడా ఉంది. రక్షణ డయోడ్లు లేని మాడ్యూల్ తిరగబడితే కాలిపోతుంది. స్క్రీన్, ఎల్ఈడీలు ఎక్కువున్న సీక్వెన్సర్ మినుకు శబ్దం పవర్ లైన్ గుండా ఆడియోలోకి రావచ్చు కాబట్టి దాన్ని మిక్సర్, అవుట్‌పుట్ మాడ్యూళ్లకు దూరంగా, వీలైతే బస్ బోర్డు రెండో కొస మీద పెట్టండి.

ఆ తర్వాత ఈ వరుసలో చూడండి. పిచ్ అవుట్‌పుట్‌కు మల్టీమీటర్ పెట్టి సున్నా స్వరం నుంచి ఒక్కో ఆక్టేవ్ ఎక్కండి. మెట్టు మెట్టుకూ 1.000 వోల్టు పెరగాలి. 5 మిల్లీవోల్టుల తేడా అంటే 6 సెంట్లు, అది దాటితే క్యాలిబ్రేషన్ చేయండి. మొదటి స్టెప్‌ను మాత్రం చాలా పై స్వరంగా పెట్టి, నాలుగు స్టెప్పుల సీక్వెన్స్‌ను డ్రమ్ముతో కలిపి పదిసార్లు ఆపి మొదలుపెట్టండి, పై స్వరం ప్రతిసారీ మొదటి దెబ్బ మీదే పడాలి. పడకపోతే ఐదో అడుగులోని రీసెట్ మందు వేయండి. చివరగా ఒక ప్యాటర్న్ రాసి, పవర్ తీసి, ఒక నిమిషం ఆగి మళ్లీ వేయండి. కేసులోని మాడ్యూళ్లన్నీ ఒకేసారి లేవాలి, ప్యాటర్న్ మాన్యువల్ చెప్పినట్టే తిరిగి రావాలి. ఈ పరీక్షలన్నీ వాపసు గడువు లోపలే, రాక్ స్క్రూలు పూర్తిగా బిగించకముందే చేయండి.